పోతరాజు చేయి వణకలేదు

పోయినేడు జూలై ఇరవై తారీఖు, బోనాల ఆదివారం, పదకొండు గొట్టనీకి ఇంక నాలుగు నిమిషాలు. మీ అమ్మ పన్నెండు అంటదా? అననీ. మీ వరండ గోడకున్న గడియారం కిందనే నిలబడి ఉంటి నేను, చేతుల వేపాకుల చెంబు పట్టుకొని. ఆ గడియారం దిక్కు ఎందుకు చూసిన్నో కూడా చెప్త. ఇంకో దిక్కు చూసే ధైర్యం లేకుండె.

ఉండుండు, ఆ పళ్ళెం నా చేతికియ్యకు. ఆకులు, వక్కలు, ఎర్రధోతి, కొబ్బరికాయ, అన్నీ పద్ధతిగనే తెచ్చినవు. పోతరాజును బోనాలకు పిలువనీకి మీ ఇంటోళ్ళు ఎప్పుడూ గుమాస్తాను పంపుతుండె. ఈ ఏడు నువ్వే వచ్చినవు. మీ అమ్మ మొక్కిందా? "నీ చేతులతోని నువ్వే పిలిస్తే అమ్మ శాంతిస్తది" అన్నదా?

అయ్యో, మీ అమ్మ సావిత్రమ్మ! ఆమెనేమన్నా అంటే పాపం తలుగుతది. నీ మీదనే పానం పెట్టుకున్నది.

ఆ స్టూలు మీద పెట్టు బిడ్డా. పెట్టి ఇట్ల చాప మీదికి రా. కుర్చీల వద్దు. కొత్తదే, మంచిగనే ఉన్నది. అందుకే వద్దు.

"బిడ్డా" అంటున్న, ఏమనుకోకు. మీ ఇంట్ల అయితే గడప ఇవుతల నిలబడి "అమ్మా" అంటుంటి. ఈడ ఒక్క గంటసేపు నన్ను పెద్దదాన్ని కానియ్యి.

టైమెంతయింది? పన్నెండు కాలేదు గదా. సరే. మా తమ్ముడు దీక్షల ఉన్నడు, గుడికాడనే పండుకుంటుండు. రెండింటికి ఒంటిపూట బువ్వ తిననీకి ఇంటికొస్తడు. వాడొచ్చేసరికి నువ్వు ఈ గల్లీల ఉండద్దు. నువ్వొచ్చినవన్న సంగతి కూడా వానికి తెల్వద్దు.

భయపెడ్తున్ననా? లేదు బిడ్డా. భయపడుకుంట మాట్లాడుతున్న.

ఏమన్నవు? మా తమ్ముని పేరేందా?

నాలుగేండ్లు వాని కాళ్ళు కడిగినవు గదమ్మా! పేరు తెల్వదా?

తెల్వది. నీకెందుకు తెలుస్తది. బాలనర్సింహ. ఉస్మాన్‌గంజ్‌ల మీ బాపు దుకాణం కాడ మిర్చి బస్తాలు మోస్తడు చూడు, తలకు తువ్వాల చుట్టుకొని, వాడే. నువ్వు కారుల మీ బాపుకు టిఫిన్ గిన్నె పట్టుకొచ్చినప్పుడు పక్కకు జరిగి తొవ్వ ఇస్తడు చూడు, వాడే. నువ్వు చూసి ఉండవులే.

అగో, మూలకు కూసొని వేపరెమ్మలు దూస్తున్నది మా అమ్మ, ఆగమ్మ. చెవులు వినబడవు. ఆమె ముందట చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే. ఆ ఫోటోల ఉన్నది మా బాపు, భిక్షపతి. ఒళ్ళంత పసుపు, కండ్లకు కాటుక, పండ్ల నడుమ నిమ్మకాయ. ఆయన కంటె ముందు మా తాత ఆడిండు. తాత కంటె ముందు ఆయన నాయిన. మూసీ పొంగి సగం ఊరు కొట్టుకపోయిన మరుసటి ఏడు కూడా ఆయన ఒక్కడే గజ్జెలు కట్టుకొని గుడిదాక ఆడుకుంట పోయిండంట, ఎనక డప్పు కొట్టేటోడు కూడ లేకుంట.

ఏ ఏడు ఎవలు ఆడిండ్రు, ఏ ఏడు నిజంగ ఒంటి మీదికి అమ్మవారు వచ్చింది, ఏ ఏడు రాలేదు, అన్నీ నా దగ్గర ఉన్నయి. మా ఇంట్ల అవి రాసిపెట్టుకునే అలవాటు లేదు. మా నాయినమ్మ నాకు చెప్పింది, నేను మనసుల పెట్టుకున్న.

రాకపోవుడు కూడా ఉంటదా అంటవా?

ఉంటది. మస్తుసార్లు ఉంటది. డప్పు వింటే కాలు ఎగురుతది, అది మనిషి ఆట. అమ్మ వచ్చుడు వేరే. మా బాపుకు వస్తుండె. ముందుగల్ల మెడ నరం కొట్టుకుంటుండె. ఆ తర్వాత ఎడమ తొడ. ఆఖరికి చేయి. అమ్మ వచ్చినోని చేయి వణుకుతది బిడ్డా, గాలిల దీపం లెక్క. కొరడా ఎంత జోరుగ లేపినా సరే, మనిషి మీద పడేటప్పుడు పూలదండ పడ్డట్టే పడుతది. పోతరాజు దెబ్బ తగిలితే పీడ పోతదని అందరు మెడలు వంచుకొని నిలబడ్తరు చూడు, పసిపిల్లలను ఎత్తుకొని తల్లులు కూడా నిలబడ్తరు. మా బాపు చేతుల ఒక్కరికి తోలు కందలేదు.

మరి పోయినేడు... ఆగు. దానికంటె ముందుది చెప్పాలె. లేకపోతే తప్పంతా వాని మీదికే పోతది.

బాపు పోయిన ఏడు వానికి ఇరవై ఒకటి. ఇంటర్ పాసయి, ట్రాలీ ఆటోల నీళ్ళ క్యాన్లు వేస్తుండె. పోతరాజు ఆడనంటే ఆడనన్నడు. "సిగ్గయితదక్కా. దోస్తులు ఇప్పటికే నన్ను పసుపుకొమ్ము అంటుండ్రు. వీడియోలు తీసి పెడ్తరు. నాకెవడు పిల్లనిస్తడు?" అన్నడు. మా అమ్మ మూడు దినాలు గోడ దిక్కు తిరిగి పండుకున్నది. ధూల్‌పేట్ దిక్కు ఇంకో ఇంటోళ్ళు, "వాళ్ళు ఆడకుంటే మేము ఆడుతం" అని కమిటీ పెద్దమనుషుల కాడికి పోయిండ్రు.

మరి నా సంగతో? పెండ్లయి మూడేండ్లకే తిరిగొచ్చినదాన్ని. మొగడు లేడు, పిల్లలు లేరు. నాకు ఈ ఇంట్ల ఉన్నదే అమ్మవారి పని. కొరడాకు పసుపు పట్టించుడు, గజ్జెలు తోముడు, చెంబు పట్టుకొని పోతరాజు పక్కన నడుసుడు. నేను నడుస్తుంటే ఆడోళ్ళు తొవ్వ ఇస్తరు. "యశోదమ్మా" అంటరు. అది పోతే నేనేంది? పక్కింటి గిన్నెలు తోమే యశోద.

బతిమిలాడి బతిమిలాడి ఆ ఒక్క ఏడుకు ఒప్పించినం. మొఖం మాడ్చుకొని ఆడిండు. మీ ఇంటి ముందటికి వచ్చినం. నీకప్పుడు పద్దెనిమిది ఉంటయేమో. వాని కాళ్ళ మీద నీళ్ళు పోసినవు. వంగి పసుపు రాసినవు. లేచి వాని కండ్లల్లకు చూసి రెండు చేతులు జోడించినవు.

నువ్వు చూసింది అమ్మవారి తమ్ముణ్ణి. నాకు తెల్సు బిడ్డా! పోతరాజంటే ఏడుగురు అక్కచెల్లెండ్లకు ఒక్కడే తమ్ముడు. ఆ దినం వాని ముందట నిలబడ్డ ప్రతి ఆడిది వానికి అక్కనో చెల్లెనో. ఈ మాట తండ్రి కొడుక్కు కొరడా చేతికిచ్చేటప్పుడు చెవుల చెప్పాలె. బాపు చెప్పకముందే పోయిండు. నేను చెప్పాల్సి ఉండె.

చెప్పలే.

నిన్నటిదాక నీళ్ళ క్యాను ఎత్తుకొని వస్తే మీ గేటు కాడ కుక్క మొరిగేది వాణ్ణి చూసి. అసొంటోని కాళ్ళు మీ ఇంటిల్లిపాది కడిగిరి. ఎవ్వలూ తలెత్తి చూడని మనిషిని నువ్వు తలెత్తి చూసినవు. వానికెట్ల తెలుస్తది, ఆ చూపు తనకు కాదని?

అయినా గంతటితోని ఆగిపోయేది. నేను ఆగనియ్యలె.

ఆ సాయంత్రం మీ ఇంటికి ప్రసాదం ఇయ్యనీకి వచ్చిన. నువ్వు లోపలికెల్లి ఉరికొచ్చి ఒక మందు ట్యూబు నా చేతిల పెట్టినవు. "అన్న కాళ్ళు పగిలి రక్తమొస్తున్నది, రాసుకొమ్మని చెప్పండి" అన్నవు. యాదికున్నదా?

లేదా? ఎట్లుంటదిలే. నీకు అదేమంత ముచ్చట!

నేను ఇంటికొచ్చి ట్యూబు వానికిచ్చి ఏమన్న? "ఆ పిల్ల ఇచ్చింది రా. నీ గురించే అడిగింది. వచ్చే ఏడు కూడ నువ్వే రావాలన్నది" అన్న. నువ్వు 'అన్న' అన్నది చెప్పలే. నువ్వనని మాట కలిపిన. చిటికెడంత. అన్నంల ఉప్పు వేసినంత.

వాడు ట్యూబు దిక్కు చూసుకుంట కూసున్నడు. కాళ్ళకు రాసుకోలేదు బిడ్డా! ఇంక గూట్లనే ఉన్నది అది, మూత తియ్యంది.

మరుసటి ఏడు జ్యేష్ఠం దాటకముందే వాడే తాగుడు బంద్ చేసిండు. చెప్పులిడిసిండు. "అక్కా, కొరడా పాతగయ్యింది, కొత్త గోగునార తెస్త" అన్నడు. మా అమ్మ నవ్వుకుంట ఏడ్చింది. నేను దేవుని గూటి ముందట కూసొని, "తల్లీ, నీ పనికే గదా అబద్ధమాడిన" అని లెంపలేసుకున్న. అమ్మ ఏం అనలే. ఒప్పుకున్నదనుకున్న.

ఇంక తర్వాత ఏడాదికొకటి. మీ బాపు పంపిన ధోతి చేతికిచ్చి, "రంగు ఆ పిల్లే ఏరిందంట" అన్న. మీ ఇంటి లడ్డూలు పెట్టి, "నీ వంతు వేరే కట్టిచ్చింది" అన్న. ఒకదినం నువ్వు కాలేజీ బస్సు కోసం నిలబడి ఫోన్ల మాట్లాడుకుంట నవ్వినవంట. వాడు ఉరుక్కుంట వచ్చి, "అక్కా, నన్ను చూసే నవ్విందంటవా?" అన్నడు. నేనేమనాలె? బోనాలు ఇంక వారం ఉన్నయి. "నవ్వే ఉంటది తియ్యి" అన్న.

ఎంత మెత్తగ వస్తదో బిడ్డా, అబద్ధం! నేను జీవితంల గొంతు పెంచి మాట్లాడలేదు. బస్తీ మొత్తం, యశోద నోట్ల నాలుక లేదు అంటది.

నీళ్ళ క్యాన్ల పని ఇడిసి, మీ బాపు కాడ హమాలీకి ఊకెనే చేరలే వాడు. మిర్చి ఘాటుకు తెల్లందాక దగ్గుడు ఎవలికి ఇష్టముంటది? మూడు వందల అరవై నాలుగు దినాలు మీ బాపు వాణ్ణి "అరేయ్ నర్సిగా" అంటడు, ఒక్క దినం "స్వామీ" అంటడు. వాడు ఆ ఒక్క దినంల బతికిండు. మిగిలిన దినాలు మోసిండు.

పక్కింటి సాజిదా ఆపా ఒక్కతే పసిగట్టింది. ఏటేటా వాని ఎర్రధోతికి అంచు కుట్టేది ఆమెనే. కొలత తీసుకుంట నాతోని మెల్లగ అన్నది, "యశోదా, తేరా భాయి ఖుదాకే వాస్తే నై సజ్‌రా. కిసీకే వాస్తే సజ్‌రా." దేవుని కోసం ముస్తాబయితలేడు, ఎవలి కోసమో అయితుండు అని. "నువ్వు నీ కుట్టు చూసుకో ఆపా" అన్న. నవ్వుకుంటనే అన్న. ఆమె దారం కొరికి ఉమ్మి, "మై క్యా బోలీ బాబా", నేనేమన్న తల్లీ అని మిషన్ తొక్కుకున్నది.

పోయినేడు వాడు ఇట్లనే దీక్షల గుడికాడ ఉన్నప్పుడు నీ నిశ్చితార్థం అయ్యింది. నాకు తెల్సు. గుమాస్తా స్వీటు డబ్బ ఇచ్చిపోయిండు. డబ్బ దాచిపెట్టిన. బోనాలయినంక చెప్త, ఏడ్చేదేదో అప్పుడేడుస్తడు అనుకున్న. పని కానియ్యాలె గదా ముందుగల్ల.

ఇగ ఆదివారం. మీ ఇంటి ముందట డప్పులు దద్దరిల్లుతున్నయి. నువ్వు పసుపుపచ్చ చీర. పక్కన ఆ పిలగాడు, తెల్ల కుర్తా. ఇద్దరి చేతులకు కొత్త ఉంగరాలు. మీ అమ్మ నవ్వుకుంట ముందటికొచ్చి, "స్వామీ, ఇద్దర్నీ దీవించు. శ్రావణంల పెండ్లి" అన్నది. మీరిద్దరు మెడలు వంచిండ్రు.

నేను వాని పక్కనే ఉన్న బిడ్డా, ఇగో, నీకూ నాకూ ఉన్నంత దూరం. వాడు నీ ఉంగరం చూసిండు. ఆ పిలగాని ఉంగరం చూసిండు. ఆ తర్వాత నా దిక్కు చూసిండు.

నా దిక్కు! చిన్నప్పుడు పతంగి తెగిపోతే చూసేటోడు, "అక్కా, ఏమాయె?" అన్నట్టు. గట్లనే.

అప్పుడే నేను గడియారం దిక్కు తిరిగిన.

సప్పుడు విన్న. తడిబట్ట బండకేసి కొట్టినట్టు. తిరిగి చూసేసరికి ఆ పిలగాడు కిందున్నడు, కుర్తా చినిగి, మెడకాడ బొక్క ఇరిగి. డప్పులు ఆగినయి.  అప్పుడెవరో ముసలామె కేకేసింది, "అమ్మ పలికింది! అమ్మకు కోపమొచ్చింది!" అని. ఇంకేమున్నది! గల్లీ గల్లీ చేతులు జోడించింది. మీ బాపు నడిరోడ్డు మీద సాష్టాంగపడ్డడు. కిందపడ్డ పిలగాణ్ణి ఇడిసిపెట్టి నువ్వు కూడా మొక్కినవు బిడ్డా. నేను చూసిన.

నేను వాని మెడ చూసిన. నరం కొట్టుకుంటలేదు. తొడ చూసిన. చేయి చూసిన, కొరడా పట్టుకున్న చేయి.

వణకలేదు.

తాగు, నీళ్ళు తాగు. ఒక్కటేసారి మింగకు.

అవును. అమ్మ కాదు. గిది చెప్పనీకే నిన్ను కూసోవెట్టిన. ఏడాది నించి నువ్వు శుక్రవారం శుక్రవారం ఉపాసముంటున్నవంట. "నేనేం తప్పు చేసిన్నో అమ్మకే తెల్వాలె" అని ఏడుస్తున్నవంట. వచ్చిన సంబంధాలోళ్ళు, అమ్మ ఒప్పుకోని పిల్ల అని గేటు కాడికెల్లే మర్లిపోతుండ్రంట. నువ్వేం తప్పు చెయ్యలే. అమ్మకు నీ మీద కోపమేం లేదు. అది మనిషి దెబ్బ. కడుపు కాలిన మనిషి దెబ్బ.

నాకు తెల్వదు, నాకు తెల్వదు అంటున్నవు. తెల్వదని నాకు తెల్వదా?

ఏడువకు. టైం లేదు. అసలు ముచ్చట ఇంక చెప్పలే.

ఈ ఏడాది నుంచి వాడు ఎట్లున్నడో తెల్సా? సంబురంగ ఉన్నడు. గదే నాకు భయం. కోపంల ఉంటే కాళ్ళు పట్టుకుందును. ఏడిస్తే ఒళ్ళె పండవెట్టుకుందును. వాడు పాటలు పాడుకుంట లోపలి అర్రకు సున్నమేసిండు. అద్దం తెచ్చిండు, నిలువుటద్దం. నువ్వు కూసోబోయిన ఆ కుర్చీ తెచ్చిండు. ఎవ్వలినీ కూసోనియ్యడు. మా అమ్మ మోకాళ్ళు నొచ్చి ఒకపారి కూసుంటే, చేయి పట్టి మెల్లగ లేపిండు. "అది ఆమెది అమ్మా" అన్నడు. చెవిటి మనిషి, ఎవలిది అని కూడా అడగలే.

మొన్న మంగళారం అమ్మ పుస్తెలు అడిగిండు. మా బాపు కట్టిన పుస్తెలు, బాపు పోయినంక తీసి పెట్టెల పెట్టినవి. మెరుగు పెట్టించుకొచ్చిండు. కొత్త పసుపుతాడుకు ఎక్కించి, ఆ తాడును కొరడా పిడికి చుట్టిండు. పసుపుల పసుపు, ఎవలకు కనబడుతది? నేను పసుపు పట్టిద్దామని పిడి మీద చేయి వేస్తే, రెండు పుస్తెలు వేలికి తగిలినయి. చల్లగ.

ఇప్పుడు అర్థమయ్యిందా?

వచ్చే ఆదివారం బోనాలల్ల నువ్వు వాని ముందట మెడ వంచుతవు. కండ్లు మూసుకుంటవు. నీ ఎనక మీ అమ్మ, మీ బాపు, గల్లీ అంతా చేతులు జోడించి ఉంటరు. డప్పులల్ల నువ్వు అరిచినా వినబడది. మూడు ముళ్ళు పడేదాక ఎవ్వలకు తెల్వది. తెల్సినంక ఎవ్వలు నోరిప్పరు. ఎవలికున్నది దమ్ము? అమ్మ చేసిన పెండ్లి అంటరు. మీ బాపు మళ్ళ సాష్టాంగపడ్తడు. మీ అమ్మ ఏడ్చుకుంట నీకు ఒడిబియ్యం పోస్తది.

పోలీసులకు చెప్తవా? ఏమని చెప్తవు? ఇంక చెయ్యని పనికా? కమిటీల ఉన్నోళ్ళల్ల సగం మంది వాని కాళ్ళు మొక్కెటోళ్ళే.

నా మాటిను. శనివారమే మీ మేనత్త ఊరికో, ఎటన్నో పో. పోనియ్యకుంటే ఆదివారం తెల్లారంగనే "నేను బయటున్న" అని చెప్పు. ముట్టని చెప్పు. ఇంక ఎవ్వలు నిన్ను బోనం కాడికి రానియ్యరు, గడపల నిలబడనియ్యరు. ఆడదానికి ఆ ఒక్క మాట అక్కరకొస్తది ఎప్పుడన్న. ఆ తర్వాత సంగతి నేను చూసుకుంట.

ఎట్ల చూసుకుంటవు అని అడగకు. నాకూ తెల్వది.

ఏందమ్మా?

ఆ... గా మాట అడుగుతవనే ఇంతసేపు ఇటు అటు తిరిగిన.

సోమవారం పొద్దున. "మరి సోమవారం అమ్మే స్వయంగ పలికింది గదా మీ ఇంట్ల, నేను చూసిన" అంటున్నవు. అవును, నువ్వు చూసినవు. మీ అమ్మ కొంగు పట్టుకొని, ఇగో, ఈ ద్వారబంధం కాడనే నిలబడి ఉంటివి.

ఆ పిలగాని నాయిన కేసు పెడ్తనన్నడంట. మీ బాపు ఆపిండంట, "అమ్మ పనో మనిషి పనో అడిగి తెల్సుకుంట, ఒక్క పొద్దు ఆగుండ్రి" అని. గుమాస్తా వచ్చి చెప్పిపోయిండు, ఏడింటికి వస్తున్నరు అని. మనిషి పని అని తేలితే మా తమ్ముడు జైలుకు పోతడు. పోయేలోపల బస్తీ వాని చేయి ఇరుస్తది. నేను లేచి తలమీద నీళ్ళు పోసుకున్న. జుట్టు ఇరబోసుకున్న. రూపాయంత బొట్టు పెట్టుకున్న.

మీ బాపు మా గల్లీకి రాంగ అదే మొదటిసారి. చెప్పులు స్టేషన్ రోడ్డు మీదనే ఇడిసి వచ్చిండు. ఈ నేల మీద కూసున్నడు. "తల్లీ, ఏం తప్పు చేసినం?" అన్నడు.

"శాంతించిన పొండి" అంటే చాలు. గదే అందామనుకున్న. గదొక్కటే అనుకున్న, అమ్మ తోడు!

మరి నా నోట్లకెల్లి ఏమొచ్చింది? నువ్వు విన్నవు. "ఆ సంబంధం నాకొద్దు. నా బిడ్డను నేను అడిగేదాక ఎవ్వనికియ్యకు."

అమ్మ కాదు బిడ్డా. నేను. నా మెడ కొట్టుకోలే. నా చేయి వణకలే. మంచిగ తెలివి ఉండంగనే, నిమ్మలంగ, ఒక్కొక్క మాట ఏరుకొని అన్న. నువ్వు పెండ్లయి పోతే వాడు మళ్ళ కొరడా పట్టడు. వాడు కొరడా పట్టకుంటే మా ఇంటి పేరు అమ్మవారి ముందట నుంచి పోతది. గంతే. ఎదిగిన ఆడపిల్ల బతుకును తాడు కట్టి గుంజకు కట్టేసిన, మేక లెక్క. నిన్ను.

వాడు లోపల అర్రల గోడకు మొఖం పెట్టి పండుకొని ఉండె. విన్నడు.

తాను కొట్టింది తానేనని వానికి తెల్సు. అమ్మ రాలేదని వానికి తెల్సు. గని ఆ తెల్లారి అక్క నోట అమ్మ పలికిందని నమ్మిండు. తాను చేసింది తప్పు కాదని అమ్మే చెప్పిందనుకున్నడు. ఆ నమ్మకంతోనే సున్నమేసిండు. ఆ నమ్మకంతోనే పుస్తెలకు మెరుగు పెట్టించిండు.

చెప్పిన! చెప్పకుండ ఉంటనా? పుస్తెలు చేతికి తగిలిన దినమే వాని కాళ్ళు పట్టుకొని చెప్పిన. "నర్సింహా, అది అమ్మ కాదురా, నేనురా, నీ అక్కను" అని. వాడు నన్ను లేపి, కండ్లు తుడిచి, నవ్విండు. "పూనకంల ఏమన్నరో పూనినోళ్ళకు యాదుండదక్కా. బాపుకు యాదుంటుండెనా?" అన్నడు.

 వానికి అన్నీ నేర్పింది నేనే.

అమ్మ పేరు చెప్పి అబద్ధమాడిన నోరుతోనే రోజూ అమ్మకు మంగళారతి పాడుతున్న. దీపం ముట్టిస్తున్న. చేయి కాలుతలేదు. కలల కూడ వస్తలేదు ఆమె. కోపమన్న చేస్తే బాగుండు!

లే బిడ్డా, ఒంటిగంట దాటింది. పళ్ళెం తీసుకపో, ఒక్క ఆకు కూడా ఈ ఇంట్ల ఉండద్దు. సాజిదా ఆపా ఇంట్లకెల్లి ఎనక గల్లీకి తొవ్వ ఉన్నది, యాకుత్‌పురా స్టేషన్ కాడ తేలుతవు. ఆమెకు చెప్పి పెట్టిన. తల మీద కొంగు కప్పుకో. ఎవలన్న అడిగితే రవికె కుట్టియ్యనీకి వచ్చిన అను.

నన్ను క్షమించమని అడగను. అడిగేంత మొఖం లేదు.

ఏంది? మేం పోయినంక మీరేం జేసిండ్రు అంటవా, ఆ సోమవారం పొద్దున?

ఏం జేస్తం. మీరు గల్లీ మలుపు తిరగంగనే మా అమ్మ వాకిలి ఊడ్చి సానుపు జల్లింది. నేను జుట్టు ముడేసుకున్న. గజ్జెలు కడిగి ఎండకు పెట్టిన. మీ ఇంటి మేకపోతు తలకాయ ఉండె, పోతరాజు వాటా అని మీ బాపే పంపింది. పొయ్యి మీద కాల్చి, కొట్టించి, మంచిగ కారం వేసి వండిన. జొన్నరొట్టెలు చేసిన. ముగ్గురం ఈ చాప మీదనే కూసున్నం.

పొద్దటిదాక గోడకు మొఖం పెట్టినోడు మొఖం కడుక్కొని వచ్చి తిన్నడు. బాగ తిన్నడు. కండ్లల్ల నీళ్ళు, నోట్ల బుక్క.

"అక్కా, విన్నవా? అమ్మ ఏమన్నదో విన్నవా?" అన్నడు.

"విన్న తమ్మీ" అన్న. ఇంకో ముక్క వేసిన.